అంగారకుడి కోసం 130 ఎంఎం టెలిస్కోప్: అద్దానికి నూటికి నూరు, స్టాండుకి పాస్ మార్కులు

చాలా కంపెనీల పేర్లతో ఆన్‌లైన్‌లో దొరికే 130/650 రకం రిఫ్లెక్టర్ టెలిస్కోప్ ఇది. 130 అంటే లోపలి అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో, 650 దాని ఫోకల్ లెంగ్త్, అంటే అద్దం నుంచి వెలుగు ఒక్క చోట చేరే దాకా ఉండే దూరం. చిత్తూరులో నాకు కళ్లద్దాల షాపు ఉంది. రోజూ లెన్సులతోనే పని కాబట్టి కొనే ముందు ముఖ్యంగా ఒకటే చూశాను: అద్దం పారబోలిక్ (వెలుగునంతా ఒక్క చోటికి చేర్చే వంపు) అని రాసి ఇచ్చారా లేదా. ఇలాంటి ట్యూబులోనే గోళాకారపు అద్దం పెట్టి అమ్మేవీ ఉన్నాయి. ఇంత పొట్టి ట్యూబులో అది వెలుగును ఒక్క చోటికి చేర్చలేదు, అంగారకుడి మీది గుర్తులన్నీ అలుక్కుపోతాయి.

దీని అద్దం మాత్రం నిజంగా బాగుంది. బాగా మెరిసే నక్షత్రం మీద పెట్టి ఫోకస్‌ని కొంచెం లోపలికీ, కొంచెం బయటికీ తిప్పి చూశాను. రెండు వైపులా ఒకే తీరు వలయాలు వచ్చాయి, అంటే అద్దం వంపు సరిగ్గా ఉన్నట్టే. ఇరవై వేలు దాటిన ధరకి ఇది చాలా మంచి పనితనం.

పెట్టె మీద రాసిన 525 రెట్లు మాత్రం నమ్మకండి. 130 ఎంఎం అద్దం ఎంత మంచిదైనా 260 రెట్లు దాటాక బొమ్మ పెద్దదవుతుందే తప్ప కొత్త వివరం రాదు. పక్కనే అచ్చేసిన అంగారకుడి ఫోటో అంతరిక్ష నౌక తీసింది. పిల్లలున్న ఇంటికి అలాంటి పెట్టె పంపడం అన్యాయం. మా మేనల్లుడు ఆ బొమ్మను మనసులో పెట్టుకుని ఐపీస్‌లో (కన్ను ఆనించే చిన్న లెన్సు) కన్ను పెట్టి, "ఇంతేనా మామా?" అన్నాడు.

ఆ రోజు 2025 భోగి. అంగారకుడు 26 నెలలకోసారి మనకి దగ్గరగా వస్తాడు. ఆసారి జనవరి 12న సుమారు 9.6 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. కనిపించే వెడల్పు 14.6 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). 130 రెట్లు పెట్టి చూస్తే అది మామూలు కంటికి కనిపించే చంద్రుడంత అవుతుంది. భోగి రాత్రి పున్నమి చంద్రుడు అంగారకుడి దగ్గర్లోనే ఉన్నాడు. ఒకసారి ఐపీస్‌లోకి, ఒకసారి తలెత్తి చంద్రుడి వైపు చూడమన్నాను. రెండూ ఒకే సైజు అని వాడే ఒప్పుకున్నాడు. మన శ్రీహరికోటలో 2013 నవంబరు 5న బయల్దేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24కి గానీ అక్కడికి చేరలేదని చెప్పాక ఇంకాసేపు కన్ను తియ్యలేదు.

ఏం కనిపిస్తుందో కచ్చితంగా చెప్తాను. నారింజ రంగు బిళ్ల, ఒక అంచున తెల్లటి చుక్క. అది ఉత్తర ధ్రువం మంచు. మా అమ్మకి కుజుడంటే పెళ్లి సంబంధాల్లో దోషమే. ఆ చుక్క చూపిస్తే, "ఆడ కూడా చలికాలం ఉంటాదా నాయనా?" అంది. ఉంటుంది. అప్పుడక్కడ ఉత్తరార్ధంలో వసంతం, చలికాలంలో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ మంచు ఆవిరయ్యే కాలం. గాలి నిలకడగా ఉన్న రాత్రి సిర్టిస్ మేజర్ అనే నల్లటి మచ్చ కూడా దొరుకుతుంది. 1659లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ బొమ్మ గీసింది దాన్నే. అది సముద్రం కాదు, నల్లటి అగ్నిపర్వత శిల. అంగారకుడి రోజు మనకంటే సుమారు 40 నిమిషాలు ఎక్కువ కాబట్టి, అదే టైముకి చూస్తే రోజూ కొంచెం కొంచెం ముఖం మారుతుంది. మచ్చ కనిపించలేదని వదిలేయకుండా ఒకటి రెండు వారాలాగి మళ్లీ చూడండి.

ఇక స్టాండు. ఈక్వటోరియల్ రకం, అంటే ఆకాశం తిరిగే తీరుకి తగ్గట్టు ఒక్క ఇరుసు మీద తిప్పుతూ గ్రహం వెంట పోయేది. దీని ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు తిప్పి పెట్టాలి. చిత్తూరులో అది దిగంతానికి 13 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, మా మిద్దె మీది నుంచి పక్కింటి వాటర్ ట్యాంకు వెనక. అంత కిందికి వంచితే బరువు గుండు ఉన్న కడ్డీ స్టాండు కాలికి తగులుతుంది. ఫోకస్ ముట్టుకుంటే బొమ్మంతా వణుకుతుంది. కాళ్లు పూర్తిగా పొట్టి చేసి, మధ్యలో ఇసుక సంచి వేలాడదీస్తే కొంత నయం. పెద్ద రెట్లలో గ్రహం ఒకటి రెండు నిమిషాల్లో పక్కకి జారిపోతుంది, నాబ్ తిప్పుతూనే ఉండాలి.

ఇచ్చిన 10 ఎంఎం ఐపీస్ బాగాలేదు. విడిగా 6 ఎంఎం కొనండి, 650ని 6తో భాగిస్తే 108 రెట్లు వస్తుంది. సిలిండర్ పవర్ (ఆస్టిగ్మాటిజం) ఉన్నవాళ్లు తక్కువ రెట్లలో కళ్లద్దాలు పెట్టుకునే చూడాలి, ఎక్కువ రెట్లకి తేడా తెలీదు. ఉట్టి మైనస్ పవరైతే కళ్లద్దాలు తీసేసి ఫోకస్ తిప్పుకుంటే చాలు. లోపలి అద్దాన్ని మాత్రం గుడ్డతో తుడవద్దు. అల్యూమినియం పూత పైనే ఉంటుంది, గీత పడితే పోదు.

మిద్దె పగలంతా కాగి రాత్రి వేడి వదులుతుంది. అందుకే అర్ధరాత్రి దాటాక చూస్తే బొమ్మ కుదురుగా ఉంటుంది. ట్యూబు కూడా బయటి గాలికి చల్లబడాలి కాబట్టి అరగంట ముందే పైన పెట్టేయాలి.

మళ్లీ మంచి అవకాశం 2027 ఫిబ్రవరి 19న. వెడల్పు 13.8 ఆర్క్ సెకన్లే, 2025 కంటే కొంచెం చిన్న. ఆ నెలలోనే గురుడు కూడా దగ్గరగా ఉంటాడు కాబట్టి అతని మీద చూసి చేయి అలవాటు చేసుకోవచ్చు. ఇదే 130/650 ట్యూబు టేబుల్ మీద పెట్టే డాబ్సోనియన్ (పైకీ కిందికీ, పక్కలకీ చేత్తో తిప్పే పెట్టె లాంటి స్టాండు) రూపంలోనూ వస్తుంది, ఇరుసు గొడవ ఉండదు. కదలని బల్ల ఉన్న ఇంటికి నేను అదే చెప్తాను.