గుర్రాల డిగ్రీకి ఫీజు కట్టేముందు ఆ కాలేజీ గుర్రాల గిట్టలు చూడండి

ఈక్వైన్ సైన్స్, ఈక్వైన్ స్టడీస్, ఈక్వైన్ మేనేజ్‌మెంట్, పేరు ఏదైతేనేం, యూనివర్సిటీలో గుర్రాల గురించి చదివి ఆ రంగంలోనే ఉద్యోగం చేయాలనుకుంటున్నవాళ్ళ కోసం, వాళ్ళకి ఫీజు కట్టబోయే అమ్మానాన్నల కోసం ఈ పోస్టు రాస్తున్నాను. నేను చేరి మధ్యలో బయటికి వచ్చిన చోటు పేరు రాయను. అదొక్కదాన్నీ తప్పించుకుంటే సరిపోదు, ఇదే సరుకు ఇంకో పేరుతో అమ్మేవాళ్ళు ఉంటారు. వాళ్ళు అమ్మే పద్ధతి చెప్తాను, దాన్నిబట్టి మీరే పట్టుకోవచ్చు.

బ్రోషర్ కవర్ మీద నిగనిగలాడే గుర్రం, లోపల 'క్యాంపస్‌లోనే అశ్వశాల', 'మొదటి రోజు నుంచే గుర్రాలతో', 'పరిశ్రమతో ఒప్పందాలు' అని పెద్ద అక్షరాలు. చేరాక తెలిసింది ఏంటంటే ఆ అశ్వశాల పక్కనున్న రైడింగ్ స్కూల్‌ది, గుర్రాలూ వాళ్ళవే, కాలేజీ వాటిని గంటల లెక్కన అద్దెకు తీసుకుంటుంది. పొద్దున్నంతా స్వారీ నేర్చుకునే పిల్లల్ని మోసి అలిసిపోయిన ముసలి గుర్రాలు మధ్యాహ్నం మా ప్రాక్టికల్‌కి వచ్చేవి. ఒక్క గుర్రం చుట్టూ క్లాసు మొత్తం. ముందు నిలబడ్డవాళ్ళకి స్టెతస్కోప్ అందేది, వెనక ఉన్నవాళ్ళం వాళ్ళ భుజాల మీంచి చూసి, ముందువాళ్ళు చెప్పిన అంకెలే రికార్డు పుస్తకంలో ఎక్కించుకునేవాళ్ళం. రికార్డు నిండింది కాబట్టి ప్రాక్టికల్ అయినట్టే.

పుస్తకంలో ఉన్నదే కదా, చేత్తో చేయకపోతే ఏమవుతుంది అని ఎవరైనా అనుకుంటే ఒక్క కోలిక్, అంటే గుర్రానికి వచ్చే కడుపునొప్పి, సంగతి చూడండి. గుర్రం వాంతి చేసుకోలేదు, కడుపులో ఏ తేడా వచ్చినా లోపలే ఉండిపోతుంది, కొన్ని రకాలైతే గంటల్లో ప్రాణం మీదికి వస్తాయి. నేలని కాలితో గీకడం, మాటిమాటికీ పక్కటెముకల వైపు తిరిగి చూసుకోవడం, పడుకుని దొర్లడం, లద్దె వేయకపోవడం, ఈ లక్షణాలు ఎవరైనా బట్టీ పట్టి రాసేయొచ్చు. కానీ విశ్రాంతిలో ఉన్న పెద్ద గుర్రానికి గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి అని రాయడం వేరు, బెదురుతున్న గుర్రం పక్కన నిలబడి ఆ చప్పుడు వెతికి పట్టుకుని లెక్కపెట్టడం వేరు. పొట్టకి రెండు వైపులా, పైనా కిందా చెవి పెట్టి పేగుల చప్పుడు మామూలుగా ఉందా, తగ్గిందా, అసలు లేదా అని చెప్పాలంటే ముందు ఆరోగ్యంగా ఉన్న గుర్రాల పొట్టలు చాలా విని ఉండాలి. గుర్రం చిగుళ్ళ మీద వేలితో నొక్కి వదిలితే 2 సెకన్లలోపు రంగు తిరిగి రావాలి, అదీ చేసి చూస్తేనే అలవాటవుతుంది. ఇంటర్వ్యూకి వెళ్తే యజమానులు మార్కుల షీటు చూడరు. ఒక గుర్రాన్ని చూపించి దానికి తలకట్టు వేసి బయటికి నడిపించుకు రా అంటారు. మీరు ఏ వైపు నుంచి దగ్గరికి వెళ్ళారు, తాడు చేతికి చుట్టుకున్నారా లేదా అన్నది చూస్తారు, అక్కడే తేలిపోతుంది.

మరి ప్రాక్టికల్ గంటలు ఎలా నింపారంటారా? లద్దె ఎత్తించి. పని చిన్నదని నా ఫిర్యాదు కాదు, లద్దె చూసి గుర్రం ఆరోగ్యం సగం చెప్పొచ్చు, ఎన్నిసార్లు వేసింది, ఎండిపోయి ఉందా నీళ్ళలా ఉందా, అరగని గింజలు కనిపిస్తున్నాయా అని నేర్పితే అది చదువే. మాకు ఆ నేర్పేవాళ్ళు లేరు. పార చేతికిచ్చి, పని అయ్యాక సంతకం పెట్టించుకునేవాళ్ళు. రైడింగ్ స్కూల్‌కి జీతం లేని పనివాళ్ళు దొరికారు, కాలేజీకి అద్దె తగ్గింది, ఆ గంటలన్నీ మా సర్టిఫికెట్‌లో 'అశ్వశాల నిర్వహణ' కింద పడ్డాయి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు చదువు ఎలా ఉన్నా ఫీజు మాత్రం సెమిస్టర్‌ సెమిస్టర్‌కీ తప్పలేదు, పైగా స్వారీ క్లాసులకి వేరే ఫీజు, హెల్మెట్, బూట్లు, జాకెట్ వాళ్ళు చెప్పిన చోటే కొనాలి.

ఇంకో తమాషా చూడండి. ఆడ గుర్రాలు పగటి వెలుగు పెరిగే కాలంలో ఎదకి వస్తాయి, పగలు పొట్టిగా ఉండే నెలల్లో చాలావాటికి అండాశయాలు నిద్రపోతున్నట్టే ఉంటాయి. మా పునరుత్పత్తి పేపర్ సరిగ్గా ఆ పొట్టి పగళ్ళ నెలల్లో పెట్టారు. స్కానింగ్ చూపిస్తామని ఒక గుర్రాన్ని తెచ్చారు, తెర మీద చూడ్డానికి ఏమీ లేదు, వచ్చినాయన కూడా ఇప్పుడు ఏం కనిపిస్తుంది అని నవ్వేసి వెళ్ళిపోయాడు. చూడి గుర్రాలు ఈనే సీజన్ వచ్చేసరికి మాకు పరీక్షలు, తర్వాత సెలవులు. పుట్టిన పిల్ల గంటలో లేచి నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో తల్లికి మాయ పడిపోవాలి అని పరీక్షలో రాశాం, ఒక్క ఈత కూడా ఎవరం చూడలేదు. గుర్రం దాదాపు 11 నెలలు మోస్తుంది, ఎక్కువగా రాత్రిళ్ళే ఈనుతుంది, కాబట్టి ఈ పని నేర్పాలనుకున్నవాళ్ళు టైంటేబుల్‌ని గుర్రాన్నిబట్టి వేసుకుంటారు. ఐర్లాండ్‌లో గుర్రాల్ని పెంచే ఐరిష్ నేషనల్ స్టడ్ వాళ్ళ బ్రీడింగ్ కోర్సు ఈతల సీజన్లోనే నడవడానికి కారణం అదే. మీరు చూస్తున్న కోర్సులో బ్రీడింగ్ పేపర్ ఏ నెలల్లో ఉందో అడగండి, జవాబు చెప్పే తీరులోనే అర్థమైపోతుంది.

అదే పేపర్‌కి కృత్రిమ గర్భధారణ సర్టిఫికెట్ అని ఒకటి అదనపు ఫీజుతో అంటగట్టారు, 'రేసు గుర్రాల స్టడ్ ఫామ్‌లలో గొప్ప గిరాకీ' అని చెప్పి మరీ. రేసులకి పెంచే థరోబ్రెడ్ జాతి గుర్రాలకి కృత్రిమ గర్భధారణ ఒప్పుకోరు, అలా పుట్టిన పిల్లని ఆ జాతి రిజిస్టర్‌లోకి ఎక్కించరు, సహజంగా దాటించాల్సిందే. ఆ నైపుణ్యం పనికొచ్చేది క్రీడల కోసం పెంచే వార్మ్‌బ్లడ్ లాంటి వేరే జాతుల్లో. ఇది తెలియకుండా అమ్మారంటే వాళ్ళకి సబ్జెక్ట్ రాదు, తెలిసి అమ్మారంటే అది మోసం.

ఇప్పుడు అసలు విషయం, ఉద్యోగాలు. 'ఈక్వైన్ కెరీర్' అని ఒకే మాటలో చెప్పేస్తారు గానీ అలాంటి ఉద్యోగం ఒకటి ఎక్కడా ఉండదు, ఉన్నవన్నీ వేర్వేరు వృత్తులు, దేని తలుపు దానిది, దేని తాళం దానిది. గుర్రాల డాక్టర్ కావాలంటే పశువైద్య డిగ్రీ చేయాలి. చాలా దేశాల్లో రోగం నిర్ధారించడం, మందు రాయడం, ఆపరేషన్ చేయడం చట్టప్రకారం రిజిస్టరైన వెటర్నరీ డాక్టర్లే చేయాలి, ఈక్వైన్ సైన్స్ డిగ్రీతో అవేవీ కుదరవు. (ప్రపంచంలో మొదటి పశువైద్య కళాశాలని 1761లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో స్థాపించిన క్లోడ్ బూర్జెలా స్వారీ అకాడమీ నడిపిన మనిషి, ఆ రోజుల్లో అలా చెల్లింది.) మా బ్యాచ్‌లో సగంమంది దీని తర్వాత నేరుగా పశువైద్యం రెండో ఏడాదిలోకి వెళ్ళొచ్చు అనుకుని చేరారు, అడ్మిషన్ల దగ్గర కూర్చున్నాయన అలాగే చెప్పాడు, కాగితం మీద మాత్రం ఎక్కడా రాసి ఇవ్వలేదు. లాడాలు కొట్టే పని కావాలంటే అది ఒక ఉస్తాదు దగ్గర ఏళ్ళతరబడి నేర్చుకునేది, బ్రిటన్‌లో అయితే 1975 నాటి చట్టం ప్రకారం రిజిస్టర్ కాకుండా ఆ పని చేయడం నేరం. స్వారీ కోచ్ అవ్వాలంటే బ్రిటిష్ హార్స్ సొసైటీ లాంటి సంస్థల పరీక్షలు మెట్టు మెట్టుగా పాసవ్వాలి. రేసు ట్రైనర్‌కి అక్కడి రేసింగ్ సంస్థ లైసెన్స్ కావాలి. గుర్రాల ఫిజియోథెరపీకి చాలాచోట్ల ముందు మనుషుల ఫిజియోథెరపీ చదివి రావాలి. మరి మామూలు ఈక్వైన్ డిగ్రీ దేనికి పనికొస్తుంది? ఫామ్ మేనేజ్‌మెంట్, దాణా కంపెనీలు, ఇన్సూరెన్స్, పోటీల నిర్వహణ, సంక్షేమ సంస్థలు, పైచదువు, పరిశోధన, ఇవన్నీ ఉన్నాయి, మంచివే, కానీ అక్కడ కూడా గుర్రాలతో అనుభవం ఉండి దాని మీద డిగ్రీ ఉన్నవాళ్ళకే విలువ. అనుభవం లేని డిగ్రీ పట్టుకుని వెళ్తే పదో తరగతి తర్వాత నేరుగా అశ్వశాలలో చేరినవాడి కింద గ్రూమ్‌గా, అంటే గుర్రాల్ని చూసుకునే పనివాడిగా మొదలుపెట్టాలి.

చేరేముందు ఏం చూడాలో చెప్తాను. కాలేజీ చూడ్డానికి అందరినీ పిలిచే ఓపెన్ డే రోజున వెళ్ళకండి, ఆ రోజు అన్నీ కడిగి తుడిచి ఉంటాయి. మామూలు రోజున, వీలైతే చెప్పకుండా వెళ్ళి అశ్వశాల చూపించమనండి. చూపించడం కుదరదంటే అక్కడినుంచే వెనక్కి తిరిగిరండి. లోపలికి వెళ్తే ముందు గిట్టలు చూడండి. గిట్టలు సాధారణంగా 6 నుంచి 8 వారాలకోసారి చెక్కించాలి, ముందుకు పొడుగ్గా పెరిగి అంచులు పెచ్చులూడుతుంటే ఆ ఖర్చు ఎగ్గొడుతున్నారని అర్థం. గిట్ట ఎత్తి చూపించమనండి, అడుగున ఉండే మెత్తటి త్రికోణం నల్లగా కుళ్ళి కంపు కొడుతుంటే శుభ్రం చేసేవాళ్ళు లేరు. లోపల అడుగుపెట్టగానే కళ్ళు మండేంత అమ్మోనియా వాసన వస్తే కింద పరుపు మార్చడంలేదు. గుర్రం తలుపు అంచు కొరికి గాలి మింగుతుంటే, లేక ఉన్నచోటే అటూ ఇటూ ఊగుతుంటే, అంతకుముందు వేరేచోట పట్టిన అలవాటు కూడా కావచ్చు, కానీ వరుసగా అన్నీ అలాగే ఉంటే వాటిని బయటికి వదలడంలేదనే. పక్కటెముకలు కనిపిస్తున్నాయా, మెడ మీద కొవ్వు గట్టిపడిందా చూడండి. 1983లో టెక్సాస్‌లో డాన్ హెన్నెకె తయారుచేసిన 1 నుంచి 9 దాకా స్కేలు ఒకటి ఉంది, 1 అంటే ఎముకల గూడు, 9 అంటే బాగా కొవ్వు పట్టింది, మధ్యలో 5 ఉండాలి. మీతో వచ్చిన ఫ్యాకల్టీని ఈ గుర్రానికి ఎంత ఇస్తారు అని అడగండి. ఆయన గుర్రం మీద చెయ్యి వేసి, పక్కటెముకలు తడిమి చెప్తే మంచిది. దూరం నుంచే ఏదో అంకె చెప్పేస్తే, ఆయనే మీకు మూడు నాలుగేళ్ళు పాఠం చెప్పబోయేది.

మాటలతో సరిపెట్టుకోకండి, కొన్ని రాతపూర్వకంగా తీసుకోండి. గుర్రాలు ఎవరి పేరు మీద ఉన్నాయి, ఒక ప్రాక్టికల్‌లో గుర్రానికి ఎంతమంది విద్యార్థులు, ఒక్కో విద్యార్థి సొంత చేత్తో పనిచేసే గంటలు ఎన్ని, అందులో శుభ్రం చేసే పని ఎంత. ఇన్సూరెన్స్ పాలసీ కాగితం అడిగి చదవండి. మాకు విద్యార్థుల ఇన్సూరెన్స్ ఉందన్నారు, ఒకమ్మాయికి గుర్రం కాలు తగిలి మోచెయ్యి విరిగినప్పుడు చూస్తే 'జంతువులతో పని' మినహాయింపుల్లో ఉంది. గుర్రాల కోర్సుకి! ఆ అమ్మాయి ఆసుపత్రి ఖర్చు వాళ్ళ ఇంట్లోవాళ్ళే పెట్టుకున్నారు. ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామంటే గత రెండు బ్యాచ్‌లు ఏ ఫామ్‌లకి వెళ్ళాయో పేర్లు అడిగి, ఆ ఫామ్‌లకే ఫోన్ చేయండి. మా వాళ్ళు చెప్పిన వాటిలో ఒకచోట అసలు ఆ కాలేజీ పేరే ఎప్పుడూ వినలేదన్నారు.

కుదిరితే డిగ్రీకి ముందు ఒక సీజన్ ఎక్కడైనా అశ్వశాలలో పనిచేయండి. చలిలో తెల్లవారుజామున లేవడం, ఎండుగడ్డి దుమ్ము, ఆదివారం లేకపోవడం, ఇవి మీ ఒంటికి పడతాయో లేదో తెలుస్తుంది, ధనుర్వాతం టీకా కూడా అప్పుడే వేయించేసుకోండి. అలా పనిచేసి వచ్చినవాళ్ళని ఏ కోర్సూ అంత తేలిగ్గా బుట్టలో వేసుకోలేదు.

ఇప్పటికే ఇలాంటిచోట ఫీజు కట్టేసినవాళ్ళు బ్రోషర్, వెబ్‌సైట్ పేజీలు, అడ్మిషన్ల వాళ్ళు పంపిన మెసేజ్‌లు ఈరోజే సేవ్ చేసి పెట్టుకోండి, నేను ఫిర్యాదు పెట్టిన వారానికల్లా 'క్యాంపస్‌లోనే అశ్వశాల' అన్న లైన్ వెబ్‌సైట్‌లోంచి మాయమైంది. మానేయాలనుకుంటే నోటిమాటగా చెప్పకుండా తేదీతో ఉత్తరం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి, రీఫండ్ ఎంత వస్తుందన్నది చాలాచోట్ల ఆ తేదీ మీదే ఆధారపడుతుంది. ప్రాక్టికల్ రికార్డులో మీరు చేయని పనికి సంతకం పెట్టమంటే పెట్టకండి. నా ఫిర్యాదుకి జవాబుగా వాళ్ళు చూపించింది మా సంతకాలున్న ఆ రికార్డులే.