భాగం మార్చే ముందు లోపం వెతికిన మరమ్మతు దుకాణం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోని ఒక చిన్న మరమ్మతు దుకాణానికి గత నెలలో మా ప్లేస్టేషన్ 4 గేమ్ కన్సోల్‌ను (టీవీకి తగిలించి ఆటలు ఆడే పెట్టెను) తీసుకువెళ్లాను. ఆట మధ్యలో తెర బిగుసుకుపోయి, సీఈ-34878-0 అనే కోడ్ చూపించి ఆట మూసుకుపోవడం అప్పటికే రెండు నెలలుగా సాగుతోంది. ఆట అకస్మాత్తుగా ఆగిపోయిందని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. ఎందుకు ఆగిందో చెప్పదు.

అంతకుముందు చూపించిన వేరొక దుకాణంలో పెట్టె తెరవకుండానే చిప్ కింద సాల్డరింగ్ వదిలిందని తేల్చి, రీబాలింగ్‌కు, అంటే చిప్‌ను ఊడదీసి కొత్త సాల్డర్‌తో మళ్లీ అతికించడానికి, 6,000 రూపాయలు అడిగారు. ఎక్స్‌బాక్స్ 360 అనే మరో కన్సోల్ ఎర్రదీపాలు వెలిగి పనిచేయడం మానేసే సమస్య కారణంగా 2007లో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్లకు పొడిగించి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా కేటాయించవలసి వచ్చింది. చిప్ సాల్డరింగే కారణమన్న ఆ కాలపు భయం ఇంకా పోలేదేమో, కన్సోల్ ఆగిపోతోందంటే ముందుగా చిప్‌నే అనుమానించేవారు ఇప్పటికీ కనిపిస్తారు.

ఈ దుకాణంలోని టెక్నీషియన్ మాత్రం స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు పది నిమిషాలు నన్ను ప్రశ్నలే అడిగారు. కన్సోల్ మొత్తం ఆరిపోతోందా, ఆట ఒక్కటే మూసుకుపోతోందా? బొమ్మలో గళ్లు, రంగు చుక్కలు వస్తున్నాయా? ఎంతసేపటికి, ఏ సన్నివేశంలో ఆగుతోంది? మొత్తం ఆరిపోతే పవర్ సప్లైనో వేడినో, బొమ్మ చెదిరితే గ్రాఫిక్స్ చిప్‌నో మెమరీనో ముందుగా చూడాలని ఆయన వివరించారు. మాకు ఆ రెండూ లేవు. ఆటలో కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టినప్పుడే, అంటే ఆటలు నిల్వ ఉండే హార్డ్ డిస్క్ నుంచి ఎక్కువ సమాచారం చదవవలసినప్పుడే ఆగుతోందని నేను గుర్తు తెచ్చుకుని చెప్పగానే ఆయన దృష్టి దాని మీదికి మళ్లింది.

ముందుగా సేవ్ చేసిన ఆటలను పెన్‌డ్రైవ్‌లోకి తీయించారు. తరువాత పవర్ బటన్‌ను ఏడు సెకన్లు నొక్కిపట్టి, రెండో బీప్ వినిపించాక మరమ్మతు కోసం ఉండే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డిస్క్‌లో ఏది ఎక్కడుందో చెప్పే జాబితాను (డేటాబేస్‌ను) పునర్నిర్మింపజేశారు. ఆ పని విపరీతంగా నెమ్మదించడంతో అనుమానం బలపడింది. మాది తొలి మోడల్ కనుక, పైనున్న నున్నటి మూతను పక్కకు జరిపి, ఒక్క స్క్రూ విప్పితే డిస్క్ బయటికి వచ్చింది. సమాచారం రహస్య సంకేతాల రూపంలోకి మారి (ఎన్‌క్రిప్ట్ అయి) ఉండడం వల్ల అందులోని ఆటలను కంప్యూటర్ చదవలేదు గానీ, డిస్క్ తన ఆరోగ్యాన్ని గురించి తానే రాసుకునే స్మార్ట్ నివేదికను చదవగలదు. చదవలేకపోయిన సెక్టార్లు (డిస్క్‌లో సమాచారం దాచే చిన్న భాగాలు) 140కి పైగా ఉన్నాయని తెర మీద నాకు చూపించారు.

నాకు అన్నిటికన్నా నచ్చినది ఆ తరువాత జరిగింది. నివేదిక చూసి వెంటనే బిల్లు రాయలేదు. తన దగ్గరున్న మంచి ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేని, హార్డ్ డిస్క్ స్థానంలో వాడే నిల్వ పరికరం) పెట్టి, సుమారు 1 జీబీ ఉండే పూర్తి సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించి, అదే ఆటను అదే ప్రాంతంలో మూడు గంటలు నడిపి, ఒక్కసారి కూడా ఆగలేదని నిర్ధారించుకున్నాకే కొత్తది కొనమన్నారు. లోపలి దుమ్ము తుడవడానికి, చిప్ వేడిని బయటికి పంపడానికి పూసే, ఎండిపోయిన థర్మల్ పేస్ట్‌ను మార్చడానికి వేరుగా అనుమతి అడిగి, ఆట ఆగిపోవడానికి దానితో సంబంధం లేదని కూడా స్పష్టంగా చెప్పారు.

పరీక్షకు 300, 500 జీబీ ఎస్‌ఎస్‌డీకి 2,900, శుభ్రతకు 600, మొత్తం 3,800 రూపాయలు తీసుకున్నారు. పాత డిస్క్ తిరిగి ఇచ్చేశారు. లోటు చెప్పాలంటే, రెండు రోజులన్న పని నాలుగు రోజులు పట్టింది. చేసిన పనికి ఎన్నాళ్ల హామీ ఉంటుందో బిల్లు మీద రాయలేదు, అడిగితే మూడు నెలలని నోటిమాటగా చెప్పారు. అక్కడికి వెళ్లేవారు ఆ మాటను కాగితం మీద రాయించుకోవాలి, ఆగిపోయే సన్నివేశాన్ని ముందే ఫోన్‌లో వీడియో తీసి చూపించాలి. మాకు మూడు వారాలుగా ఆట ఆగలేదు. ఫ్యాన్ చప్పుడు కూడా చాలా తగ్గింది.