దేవదాసా, సాగర సంగమమా: తాగుడు మానిన అన్నకు ఏది చూపించాలి?

మా సిరోంచ ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం అమల్లో ఉంది. కానీ గోదావరి వంతెన దాటితే అవతల తెలంగాణలోని కాళేశ్వరం. తాగాలనుకున్నవాడికి అదేమంత దూరం కాదు. వదిన పోయాక మా అన్న ఆ వంతెన దాటని రోజు లేదు.

ఇప్పుడు మానేసి ఐదు నెలలు. డాక్టరు చూస్తుండగానే మాన్పించాం. ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించవచ్చు. అన్న దర్జీ. మొదటి వారాల్లో దారం కొసను నోట తడిపి, సూది బెజ్జం దాకా తెచ్చి, చెయ్యి వణికి మళ్లీ తడుపుకుంటూ ఉండేవాడు. చివరికి కూతురే వచ్చి ఎక్కించి ఇచ్చేది. పగలు ఎలాగో గడుస్తుంది. పొద్దు వాలితేనే భయం. ఆ వేళకు ఒక సినిమా పెడదామనుకున్నాను.

అన్నకు ఇష్టమైనది 1953 నాటి దేవదాసు. అక్కినేని నటనకు వంక పెట్టలేం. నాకు భయమల్లా ఆ పాటలతోనే. ఘంటసాల గొంతులో ఆ దుఃఖం ఎంత తీయగా ఉంటుందంటే, తాగడమే ప్రేమకు రుజువు అనిపిస్తుంది. పార్వతి ఇంటి ముందు దేవదాసు చనిపోతుంటే మనకు జాలే తప్ప కోపం రాదు. నిజానికి ఆ కథలో బతుకు మార్చుకున్నది చంద్రముఖి. ఆమెను తలచుకుని ఏడ్చేవారే లేరు.

1983లో విశ్వనాథ్ తీసిన సాగర సంగమంలోనూ తాగుడు అందంగానే ఉంటుంది. వానలో బావి గట్టు మీద కమల్‌హాసన్ నాట్యం చూస్తుంటే, అతను తాగి ఉన్నాడన్న సంగతే మరచిపోతాం. అది ఆ సినిమాలోని లోపమే అంటాను. అయినా అందులో కమల్ పాత్ర బాలును వదలని స్నేహితుడున్నాడు. శరత్‌బాబు వేసిన ఆ రఘు పాత్రను ఇంట్లోవాళ్లు శ్రద్ధగా చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, పాడైపోయిన ఆ మనిషి దగ్గర ఇంకా విద్య మిగిలి ఉందని అతను ప్రేమించిన మాధవికి తెలుసు. నాట్యం నేర్పమని తన కూతురు శైలజను అతని చేతిలో పెడుతుంది. అన్నకు కావలసింది అదే అనిపించింది: జాలి కాదు, పని.

అర్జున్ రెడ్డి పెట్టమన్నవాళ్లూ ఉన్నారు. అందులో మానడం చాలా తేలిగ్గా జరిగిపోతుంది. వద్దన్నాను.

సాగర సంగమమే పెట్టాను, రెండు సాయంత్రాలుగా. చివర బాలు చనిపోతాడని అన్నకు ముందే చెప్పాను. మీరూ చెప్పండి, ఆ దెబ్బ హఠాత్తుగా తగలకూడదు. బాలు శైలజకు అడుగులు సరిదిద్దుతున్నప్పుడు అన్న తెర వైపు చూడటం మానేసి, తన కూతురి చేతుల వైపు చూశాడు. మర్నాడు పాత వార్తాపత్రిక పరిచి, సుద్దతో జాకెట్టు కొలతలు గీయడం ఆ పిల్లకు చూపించాడు. గీత కొంచెం వంకరగానే వచ్చింది.