మొదటి పాపసంకీర్తనానికి పిల్లల్ని సిద్ధం చేయడం: ఆజ్ఞల పట్టిక మేలా, కథ మేలా?

సికింద్రాబాద్‌లో మా కతోలిక విచారణ (పారిష్) గుడిలో ఆదివారం పూజ అయ్యాక పిల్లలకు మత బోధ నేర్పే సత్యోపదేశం క్లాసు చెబుతాను. నా దగ్గరికి వచ్చేది మూడు, నాలుగు తరగతుల పిల్లలు. ఆ ఏడాది మొదటిసారి దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) తీసుకోబోయేవాళ్లు. దానికి ముందు మొదటి పాపసంకీర్తనం ఉంటుంది, అంటే తమ తప్పులు ఫాదర్‌కు చెప్పుకుని దేవుడి క్షమాపణ పొందడం. ఆ నెలల్లో తల్లులు అడిగేది దాదాపు ఒకటే. "టీచర్, పది ఆజ్ఞలు బట్టీ పట్టిస్తే సరిపోతుందా?"

సరిపోదు. అలాగని ఆజ్ఞలు పక్కన పెట్టమనీ అనను. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అసలు సంగతి.

పట్టికతో నేర్పడంలో మంచి ఉంది. "అమ్మానాన్నల మాట విన్నానా? ఎవరి వస్తువైనా తీసుకున్నానా? అబద్ధం చెప్పానా?" అని ఒక్కో ఆజ్ఞకు ఒక్కో ప్రశ్న వేసుకుంటూ పోతే, ఫాదర్ ముందు కూర్చున్నప్పుడు నోట మాట రాక బిక్కచచ్చిపోయే టెన్షన్ తగ్గుతుంది. సిగ్గుపడే పిల్లలకు ఇది నిజంగా ఆసరా.

కానీ పట్టికతోనే మొదలుపెడితే ఏమవుతుందో నా క్లాసులోనే చూశాను. ఒకసారి పిల్లలతో "మీరు చేసిన తప్పులు కనీసం ఐదైనా గుర్తు తెచ్చుకుని రండి" అన్నాను. తర్వాతి ఆదివారం ఒక పాప నోట్‌బుక్ కాగితం నాలుగు మడతలు పెట్టి తెచ్చింది. చెమటకు కాగితం మెత్తబడిపోయింది. పెన్సిల్‌తో మూడు లైన్లు రాసుంది, కింద 4, 5 అని అంకెలు వేసి ఖాళీగా వదిలేసింది. "టీచర్, మూడే దొరికాయి. ఇంకో రెండు ఏం రాయను?" అని అడిగింది. ఆ పాప తనను తాను చూసుకోవడం లేదు, హోంవర్క్ పూర్తి చేస్తోంది. తప్పు నాదే. ఆ రోజు నుంచి అంకె చెప్పడం మానేశాను.

పట్టికతో ఇంకో చిక్కు ఉంది. పొరపాటుకీ పాపానికీ తేడా అది చెప్పదు. పాలగ్లాసు చెయ్యి జారి పగిలింది, పాపమా? కాదు. కోపంతో తమ్ముడి మీదికి విసిరితే వేరే సంగతి. చావైన పాపం (దేవుడి నుంచి మనల్ని దూరం చేసే పెద్ద పాపం) కావాలంటే విషయం పెద్దదై ఉండాలి, అది తప్పని పూర్తిగా తెలిసి ఉండాలి, మనసారా ఒప్పుకుని చేసి ఉండాలి అని శ్రీసభ (కతోలిక సంఘం) బోధిస్తుంది. మూడూ కలిస్తేనే. ఈ ముక్క పిల్లలకు వాళ్ల భాషలో చెప్పి తీరాలి. లేకపోతే కొందరు పసివాళ్లు ప్రతి చిన్నదానికీ నరకమే అనుకుని రాత్రిళ్లు నిద్రపోరు.

మన ఊళ్లో ఇంకో గందరగోళం కూడా ఎదురవుతుంది. పక్క ఫ్లాట్‌లో ప్రొటెస్టెంట్ కుటుంబం ఉంటే, లూథరన్లు కాకపోతే, వాళ్ల పిల్లలకు సాధారణంగా "దొంగిలించవద్దు" ఎనిమిదో ఆజ్ఞ. మన కతోలిక లెక్కలో ఏడోది. ఆజ్ఞలు అవే, లెక్కపెట్టే పద్ధతి వేరు అని చెప్పేస్తే గొడవ తీరిపోతుంది.

ఇక కథ. లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడి కథ ఉంది కదా, ఆస్తిలో తన వాటా తీసుకెళ్లి పాడుచేసి, సిగ్గుతో ఇంటికి తిరిగొచ్చే కొడుకు కథ. అందులో ఒక చిన్న విషయం పిల్లలకు తప్పకుండా చూపిస్తాను. కొడుకు దారిలో ఏం చెప్పాలో ముందే అనుకుంటాడు, "నన్ను నీ పనివాళ్లలో ఒకడిగా పెట్టుకో" అన్నది అందులో చివరి మాట. ఇంటికొచ్చాక ఆ మాట దాకా రానేలేదు. తండ్రి అప్పటికే పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు, కొత్త బట్టలు తెమ్మంటున్నాడు. ఇది విన్నాక పిల్లల ముఖాలు చూడాలి! అప్పటిదాకా పాపసంకీర్తనం అంటే ప్రిన్సిపాల్ గదికి వెళ్లడం లాంటిది అనుకునేవాళ్లు, ఇంటికి వెళ్లడం అని అనుకోవడం మొదలుపెడతారు. పట్టిక ఈ పని చేయలేదు.

అయితే ఒక్క కథతో ఆగినా ప్రమాదమే. "సారీ చెప్తే అయిపోయింది" అని పిల్లలు ఇట్టే తేల్చేస్తారు. అందుకే వెనకే లూకా సువార్తలోనే ఉన్న జక్కయ్య అనే పన్నుల వసూలుదారు కథ చెప్పాలి. యేసును కలిశాక అతను తన ఆస్తిలో సగం పేదలకు ఇస్తానన్నాడు, మోసం చేసి తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఫాదర్ ఇచ్చే పాపవిమోచనతో పాపం పోతుంది, కానీ దానివల్ల జరిగిన నష్టాన్ని చేతనైనంత పూడ్చాలన్నదీ శ్రీసభ బోధనే.

మా అబ్బాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు వాడి బ్యాగులో స్ట్రాబెర్రీ వాసన వేసే రబ్బరు కనిపించింది. పక్కన కూర్చునే పిల్లవాడిది. ఒక మూల అప్పటికే అరిగిపోయింది. తిట్టలేదు, ఏ ఆజ్ఞ అనీ అడగలేదు. "జక్కయ్య అయితే ఏం చేసేవాడు?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున ఆ రబ్బరుతో పాటు తన కొత్త పెన్సిల్ కూడా జేబులో పెట్టుకుని బడికి వెళ్లాడు.

కొన్ని ఇళ్లలో ఫ్రిజ్ మీద స్టార్ల చార్టు పెడతారు. మంచి పనికి స్టారు, తప్పుకి కోత. పళ్లు తోముకోవడానికి అది పనికొస్తుంది. మనస్సాక్షికి వద్దు. స్టారు పోతుందని తప్పు దాచడం నేర్చుకుంటారు.

దానికన్నా రాత్రి ఐదు నిమిషాలు ఎంతో మేలు. పునీత (సెయింట్) లొయోలా ఇగ్నేషియస్ నేర్పిన ఆత్మ పరిశోధనను పిల్లల స్థాయికి తేవడమే. ఈ రోజు దేవుడికి దేనికి థ్యాంక్స్ చెబుదాం? ఎవరినైనా బాధపెట్టామా? రేపు ఏం చేద్దాం? మూడో ప్రశ్న వదలొద్దు. "రేపు స్కూలు బస్సులో వాడు మళ్లీ వెక్కిరిస్తే ఏం చేస్తావు?" అని ఇంట్లోనే అనుకుని ఉంటే, ఆ క్షణంలో మంచిదాన్ని ఎంచుకోవడం తేలికవుతుంది. పెద్దవాళ్లూ తమ తప్పు ఒకటి చెప్పాలి. "ట్రాఫిక్‌లో చిరాకుపడి ఇంటికొచ్చి నీ మీద అరిచాను, క్షమించు నాన్నా" అని తండ్రి నోటితో విన్న పిల్లవాడికి క్షమాపణ అంటే ఏమిటో వేరే క్లాసు అక్కర్లేదు.

కాబట్టి నా వరుస ఇది: ఏడేళ్ల వయసు రాకముందు నుంచే కథలు, రాత్రి మూడు ప్రశ్నలు. పాపసంకీర్తనానికి నెల రోజుల ముందు ఆజ్ఞల పట్టిక. పదీ పదకొండేళ్లు వచ్చాక పట్టికను ఇంకా వివరంగా చూడొచ్చు. ఏడేళ్లు మరీ చిన్న వయసు అనేవాళ్లకు ఒక మాట. మంచిచెడులు తెలిసే ఆ వయసును 1910లో పునీత పదో పయస్ పోపుగారే ఖాయం చేశారు. అంతకుముందు చాలా చోట్ల పిల్లల్ని ఇంకా ఎన్నో ఏళ్లు ఆపేవాళ్లు. ఇక భాష విషయం. ఇంగ్లీషు మీడియం పిల్లలైనా, ఇంట్లో అమ్మతో ఏ భాషలో పోట్లాడతారో ఆ భాషలోనే పాపసంకీర్తనం చేయనివ్వండి. పశ్చాత్తాప జపం మధ్యలో మర్చిపోతే సొంత మాటల్లో చెప్పుకోవచ్చని కూడా ముందే చెప్పండి.

పిల్లల అసలు భయం వేరే ఉంటుంది. "ఫాదర్ మా అమ్మకు చెప్పేస్తారా?" చెప్పరు. ఎవరికీ, ఎప్పటికీ చెప్పకూడదు, అది శ్రీసభ చట్టం. మనం కూడా బయటికి రాగానే "ఏం చెప్పావురా?" అని అడగకూడదు. మా వాడు వచ్చినప్పుడు నాకూ నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. ఆకలేస్తోంది అన్నాడు. దగ్గర్లోని ఇరానీ హోటల్‌కి తీసుకెళ్లి ఉస్మానియా బిస్కెట్లు, వాడికోసం ఒక గ్లాసు పాలు చెప్పాను. కథలో తండ్రి కూడా కొడుకు రాగానే విందు చేశాడు కదా అని వాడే గుర్తు చేశాడు.