ఇండీ సింథ్-పాప్ ఎల్‌పీ ప్రీ-ఆర్డర్ చేసినవాళ్లు జాగ్రత్త: పేపాల్‌లో 180 రోజుల గడువు దాటనివ్వకండి

మ్యూజిక్ కంపెనీ లేకుండా సొంతంగా ఆల్బమ్ విడుదల చేసుకునే ఆర్టిస్టుల దగ్గర ఎల్‌పీలు (వినైల్ రికార్డులు) ప్రీ-ఆర్డర్ చేసే అలవాటున్నవాళ్లు దీన్ని కాస్త ఓపిగ్గా చదవండి. నా డబ్బు పోయింది. అది పోయిన తీరు మీకు తెలిస్తే మీది కాపాడుకోవచ్చు.

యూరప్‌లో ఉండే ఒక సింథ్-పాప్ ఆర్టిస్ట్. రాయడం, పాడడం, మిక్సింగ్, అమ్మకం అన్నీ ఒక్కరే. పాటలు బాగుంటాయి, ఆ మాట ఇప్పటికీ అంటాను. 80ల నాటి జూనో-106 సింథసైజర్ సౌండ్ ఇష్టపడేవాళ్లకు చెవి అక్కడే ఆగిపోతుంది. ఆ ఆర్టిస్ట్ సొంత సైట్‌లో "ఫ్యాక్టరీ ప్రెస్సింగ్ వినైల్, 50 కాపీలు మాత్రమే, ఎల్‌పీతో పాటు ఫ్లాక్ డౌన్‌లోడ్ కోడ్" అని పెట్టారు. ఫ్లాక్ అంటే నాణ్యత తగ్గకుండా దాచే ఆడియో ఫైల్. పేపాల్‌లో కట్టాను.

చెప్పిన నెల దాటింది. ప్రెస్సింగ్ ప్లాంట్‌లో, అంటే రికార్డులు అచ్చొత్తే ఫ్యాక్టరీలో, క్యూ ఉందని మెయిల్ వచ్చింది. ఆ తర్వాత తేదీ మారినప్పుడల్లా అదే కారణం. వినైల్ కొనేవాళ్లెవరైనా నమ్మే కారణమే ఇది. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ ఫ్యాక్టరీ కాలిపోయినప్పుడు, మాస్టర్ కటింగ్‌కు వాడే లాకర్ (lacquer) పూత డిస్కులు తయారుచేసేది ప్రపంచం మొత్తానికి జపాన్‌లోని ఒక్క కంపెనీయే మిగిలింది. ఆ తర్వాత కోవిడ్ రోజుల్లో గిరాకీ పెరిగి, చిన్న ఆర్టిస్టులు నెలల తరబడి ఎదురుచూసిన మాట నిజం.

కానీ ఇక్కడే అసలు సంగతి ఉంది. వస్తువు రాకపోయినా, చెప్పినదానికి చాలా తేడాగా వచ్చినా పేపాల్‌లో డిస్ప్యూట్ (ఫిర్యాదు) పెట్టడానికి గడువు 180 రోజులు. ఆ లెక్క మొదలయ్యేది వస్తువు చేతికొచ్చిన రోజు నుంచి కాదు, డబ్బు కట్టిన రోజు నుంచి. నా పార్సిల్ ఆ గడువు దాటాకే వచ్చింది, కస్టమ్స్ సుంకం అదనం. అది కావాలని చేసిన ఆలస్యమని నిరూపించలేను. కానీ పెట్టె తెరిచాక నాకు వేరే కారణం కనిపించలేదు.

ఎందుకంటే లోపల ఉన్నది ప్రెస్ చేసిన రికార్డే కాదు. రికార్డు మధ్యలోని కాగితం లేబుల్ చుట్టూ ఉండే ఖాళీ వలయంలో మామూలుగా మ్యాట్రిక్స్ నంబరు, అంటే ఆ ప్రెస్సింగ్‌ను గుర్తుపట్టే నంబరు, చెక్కి ఉంటుంది. దీనిలో రెండు వైపులా ఏమీ లేదు. పల్చటి గట్టి ప్లాస్టిక్, సౌండ్ బాగా తక్కువ, మొదటి పాట మొదలవకముందే బుసబుస. అది లేత్-కట్. అంటే ఒక్కో కాపీని మెషీన్ మీద, పాట ఎంతసేపుంటే అంతసేపు, విడివిడిగా గీసి తీస్తారు. దానికి స్టాంపర్ (రికార్డులు అచ్చొత్తే లోహపు అచ్చు) అక్కర్లేదు, ప్రెస్సింగ్ ప్లాంట్ క్యూతో సంబంధమే లేదు. లేత్-కట్ అని ముందే చెప్పి నిజాయితీగా అమ్మేవాళ్లున్నారు, వాళ్ల దగ్గర ఇష్టంగా కొంటాం. ఫ్యాక్టరీ ప్రెస్సింగ్ అని రాసి అది పంపడం మోసం.

ఫ్లాక్ ఫైళ్లు కూడా అంతే. ఫైల్‌లో సౌండ్ ఏ ఫ్రీక్వెన్సీ వరకు ఉందో బొమ్మగా చూపే స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూశాను. సీడీ నాణ్యత ఉన్న ఫైల్‌లో సౌండ్ దాదాపు 22 కిలోహెర్ట్జ్ వరకు ఉండొచ్చు. ఇక్కడ ప్రతి పాటా 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది, పైనంతా నలుపు. 128 కేబీపీఎస్ ఎంపీ3ని ఫ్లాక్‌గా మారిస్తే కనిపించే గీత అది. పాత సింథ్‌లలో పై ఫ్రీక్వెన్సీలు తక్కువగా ఉండొచ్చు, కాబట్టి మెల్లగా తగ్గిపోతే అనుమానించకండి. హై-హ్యాట్ మోగేచోట కూడా అదే ఎత్తులో అడ్డంగా తెగిపోతే మాత్రం అది అసలు ఫ్లాక్ కాదు.

ఫొటోలు, స్క్రీన్‌షాట్లు పంపితే "అనలాగ్ సౌండ్ ఇలాగే ఉంటుంది" అని ఒక జవాబు వచ్చింది. తర్వాత ఏ మెయిల్‌కూ జవాబు లేదు. పేపాల్‌లో గడువు అయిపోయింది కాబట్టి డిస్ప్యూట్ పెట్టే దారే లేదు.

కాబట్టి ప్రీ-ఆర్డర్ చేసిన రోజే ఫోన్‌లో అయిదో నెలకు రిమైండర్ పెట్టుకోండి. అప్పటికి రికార్డు రాకపోతే ఆర్టిస్ట్ ఎంత మంచివారైనా డిస్ప్యూట్ తెరవండి. తెరిచాక 20 రోజుల్లోపు క్లెయిమ్‌గా (పేపాల్‌నే తేల్చమని అడగడం) మార్చకపోతే అది దానంతటదే మూతపడుతుంది. "మూసేయండి, రీఫండ్ పంపుతాను" అంటే డబ్బు చేతిలో పడేదాకా మూయకండి, మూసినదాన్ని మళ్లీ తెరవలేరు. అమెరికాలో ఉన్న మనవాళ్లను కొందరు అమ్మకందారులు 'ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ' కింద పంపమంటారు. అలా పంపితే ఈ రక్షణ అసలు వర్తించదు. కార్డుతో కట్టినవాళ్ల గడువు వేరు, మీ బ్యాంకును అడగండి. ఇక 50 కాపీలని చూస్తే, ప్లాంట్ ఏదో, లేత్-కట్టో కాదో ముందే మెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. ఫ్యాక్టరీలో అంత తక్కువ కాపీలు వేయించడం మామూలుగా గిట్టుబాటు కాదు.

దీన్ని చూసి ఇండీ ఆర్టిస్టుల దగ్గర కొనడం మానేయమని నేననను. ఆర్టిస్టులు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ లాంటి సైట్‌లో డిజిటల్ అమ్మకంలో మామూలుగా 15 శాతం, రికార్డుల్లాంటి వస్తువుల్లో 10 శాతం మాత్రమే సైట్ తీసుకుంటుంది. పేమెంట్ ఖర్చులు పోను మిగతాదంతా పాట చేసినవాళ్లకే. అందుకే ఇలాంటి ఒక్కరి వల్ల మిగతావాళ్ల మీద నమ్మకం పోతుంటే బాధగా ఉంది.

అదే ఆర్టిస్ట్ ఇప్పుడు రెండో ఆల్బమ్‌కు అవే మాటలతో ప్రీ-ఆర్డర్లు తీసుకుంటున్నారు. ఈ మధ్య ఇలాంటి ఆర్డర్ ఏదైనా పెట్టి ఉంటే, డబ్బు కట్టిన తేదీ ఎప్పుడో ఇప్పుడే తీసి చూడండి.