ఏఎఫ్ఎం8 క్రింపింగ్ టూల్: నొక్కడం దాని పని, నంబరు చూసుకోవడం మీ పని

బీ2 లైసెన్సుకు (విమాన ఎలక్ట్రానిక్స్, అంటే ఏవియానిక్స్ మరమ్మతుకి) చదివేవాళ్లకు మాడ్యూల్ 7లో క్రింప్ టూల్ (పిన్నుని వైరు మీద నొక్కి బిగించే పరికరం) వాడకం, జాయింటు పరీక్ష, కనెక్టరులో పిన్ను పెట్టడం, తీయడం అన్నీ ఉంటాయి. పరీక్షకి చదివితే సరిపోతుంది. షంషాబాద్ వైపు ఎంఆర్ఓలో (విమానాల మరమ్మతు కేంద్రంలో) పనికి చేరాలనుకుంటే మాత్రం చెయ్యి తిరగాలి. అందుకు కొనదగ్గ టూల్ డేనియల్స్ కంపెనీ ఏఎఫ్ఎం8. మిలిటరీ నంబరు ఎం22520/2-01. ఇది 20 నుంచి 32 గేజి వైర్లకు (గేజి నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నం). దీని పెద్దన్న ఏఎఫ్8 అయితే 12 నుంచి 26 వరకు. ఏవియానిక్స్ సిగ్నల్ వైర్లలో ఎక్కువ భాగం 22, 24 గేజిలే కాబట్టి ముందు చిన్నదే తీసుకోవాలి.

టూల్ ఒక్కటే కొంటే ఎందుకూ పనికిరాదు. పిన్నుని సరైన లోతులో నిలబెట్టే పొజిషనర్ విడిగా కొనాలి, అదీ కాంటాక్టుని, అంటే పిన్నుని బట్టి మారుతుంది. విమానాల్లో వాడే 38999 రకం కనెక్టర్లలో తరచుగా కనిపించే 22డి సైజు మగ పిన్ను ఎం39029/58-360. దాని ఒంటి మీద నారింజ, నీలం, నలుపు గీతలుంటాయి, రంగుకో అంకె చొప్పున 3-6-0 అని. దీనికి ఎం22520/2-09 పొజిషనర్ కావాలి. ఆడ పిన్ను ఎం39029/56-348కి ఎం22520/2-07. రెండూ ఒకేలా ఉన్నాయి కదా అని ఒకదాని బదులు ఇంకొకటి వాడితే నొక్కు పడాల్సిన చోట పడదు.

హ్యాండిల్స్ పూర్తిగా తెరిచి ఉంచి పొజిషనర్ దింపి, 90 డిగ్రీలు తిప్పితే లాక్ అవుతుంది. దాని మీదున్న పట్టికలో వైరు గేజికి ఎదురుగా ఉన్న సెలెక్టర్ నంబరు చూసి, నాబ్ కదలకుండా పట్టే క్లిప్ తీసి, నాబ్ ఎత్తి ఆ నంబరుకి తిప్పాలి. క్లిప్ మళ్లీ పెట్టాలి. చాలామంది పెట్టరు.

ఈ టూల్‌లో నిజంగా మెచ్చుకోవాల్సింది రాచెట్. సగం నొక్కి వదిలేస్తానంటే కుదరదు, చివరిదాకా నొక్కితేనే హ్యాండిల్ తెరుచుకుంటుంది. నాలుగు వైపుల నుంచీ సమానంగా నొక్కుతుంది కాబట్టి బలం ఎవరిదైనా క్రింపు ఒకటే. కానీ తప్పు నంబరు పెడితే అంతే శ్రద్ధగా తప్పు క్రింపూ చేసిపెడుతుంది! వదులైతే వైరు జారుతుంది, మరీ బిగిస్తే లోపలి పోగులు తెగుతాయి. నేల మీద మీటరు కంటిన్యుటీ బాగానే చూపిస్తుంది. గాల్లో వైబ్రేషన్‌కి సిగ్నల్ వచ్చిపోతుంటుంది. పాపం, ఏ తప్పూ లేని బాక్సు విప్పి షాపుకి పంపిస్తారు, అక్కడ ‘లోపం లేదు’ అని తిరిగొస్తుంది.

వైరు చివర సుమారు మూడున్నర మిల్లీమీటర్లు ఒలవాలి, కచ్చితమైన కొలత కాంటాక్టు షీట్‌లో చూసుకోండి. బ్లేడుతో ఒలిస్తే పోగులకు గాటు పడుతుంది, ఆ గేజికి తగిన స్ట్రిప్పరే వాడండి. నొక్కాక పిన్ను పక్కనున్న చిన్న కంతలోంచి పోగులు కనపడాలి. కనపడకపోతే వైరు అడుగుదాకా వెళ్లలేదు, కోసి కొత్త పిన్ను వేయాల్సిందే. ఇన్సులేషన్‌కీ పిన్నుకీ మధ్య సందు అంగుళంలో 32వ వంతుకి మించకుండా చూసుకోండి. వెండి లేదా తగరం పూత ఉన్న రాగి వైరు 22 గేజిదైతే 12 పౌండ్లు, 24దైతే 8 పౌండ్ల లాగుడుకి తట్టుకోవాలి. లాగి చూసిన నమూనాని మళ్లీ కనెక్టరులో పెట్టకండి.

గో, నో-గో గేజ్ (టూల్ సరిగ్గా మూసుకుంటోందో చూసే కొలత కడ్డీ) తప్పనిసరి ఖర్చు అనుకోండి. పాత టూల్ కొంటుంటే డబ్బిచ్చే ముందే దాంతో చూడాలి. ఇండెంటర్లు (పిన్నుని నొక్కే మొనలు) మూసి ఉన్నప్పుడు గో వైపు దూరాలి, నో-గో వైపు దూరకూడదు. గేజ్ మీద టూల్‌ని నొక్కకూడదు, రెండూ పాడవుతాయి. సాధనకి ఈ చెక్ చాలు. విమానం మీద పనికి మాత్రం గడువు దాటని క్యాలిబ్రేషన్ ఉండాలి. మొరాయిస్తే నూనె కొట్టడం, విప్పి చూడటం రెండూ వద్దు. ఇండెంటర్ల దగ్గర చేరిన లోహపు పొడిని చిన్న బ్రష్‌తో దులిపితే చాలు.

ఒక్కరికి ఇది బరువే. నలుగురు క్లాస్‌మేట్లు కలిసి టూలు, రెండు పొజిషనర్లు, గేజ్ కొనుక్కోవడం మేలు. మల్టీమీటరు, హీట్ ష్రింక్ లాంటివి కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఎర్ర, నీలం, పసుపు ప్లాస్టిక్ తొడుగున్న రింగు లగ్గులకు మాత్రం ఈ టూల్ వాడొద్దు, వాటికి వేరే డై ఉన్న క్రింపర్ కావాలి.