గుట్‌మాన్ జెర్సీ: గుడ్డకి ఐదు స్టార్లు, వీపుకి ఒకటి

బావమరిది జర్మనీ నుంచి వస్తూ ఏం తేవాలని అడిగితే, చాక్లెట్లు వద్దురా అని ఒక లింక్ పంపాను. పాతకాలం ఫుట్‌బాల్ క్లబ్బుల జెర్సీలు మళ్లీ కుట్టి ఆన్‌లైన్లో అమ్మే చిన్న కంపెనీ, పేరెందుకులెండి. 42 యూరోలు. హకోవా వియన్నా క్లబ్‌ది, 1925 మోడల్, వీపు మీద అప్పట్లో ఆ జట్టుకి ఆడిన బేలా గుట్‌మాన్ పేరు.

గుడ్డకి వంక పెట్టలేను. మందపాటి నూలు. గచ్చిబౌలిలో ఆదివారం ఆటకి వేసుకెళ్తే అరగంటకి చెమటంతా పీల్చి తడి దుప్పటిలా బరువెక్కింది, అది వేరే సంగతి. మొదటి ఉతుకులో రంగు కారింది. నా తెల్ల బనియన్ ఇప్పటికీ లేత నీలమే. విడిగా ఉతకండి. మీది ఎల్ సైజైతే ఎం తీసుకోండి, వదులు ఎక్కువ.

ఛాతీ మీద దావీదు నక్షత్రం స్టిక్కర్ కాదు, ఎంబ్రాయిడరీ. తిరగేసి చూశా, ఒక్క దారం వేలాడలేదు. అసలు ఈ జెర్సీకి ప్రాణం అదే. వియన్నా యూదులు 1909లో పెట్టుకున్న క్లబ్ ఇది. హకోవా అంటే హీబ్రూలో బలం. 1923లో లండన్ వెళ్లి అక్కడి క్లబ్ వెస్ట్ హామ్‌ని 5-0తో కొట్టి వచ్చారు (అవతల చాలామంది రిజర్వ్ ఆటగాళ్లే, ఆ మాట కూడా చెప్పాలిగా).

తిప్పి చూస్తేనే ఒళ్లు మండింది. వీపు మీద పేరు, దాని కింద 5 నంబరు. ఇంగ్లండ్ లీగులోనే నంబర్లు కనబడింది 1928లో! 1925లో వియన్నాలో పేరేసుకుని ఎవరు ఆడారండీ?

డబ్బాలో పెట్టిన కార్డు ఇంకా ఘోరం. టైటిల్ తెచ్చిన గోల్ గుట్‌మాన్ కొట్టాడట. ఆయన సెంటర్ హాఫ్, అంటే ఫార్వర్డ్‌ల వెనక మధ్యలో ఆడేవాడు. ఆ గోల్ కొట్టింది గోల్‌కీపర్ అలెగ్జాండర్ ఫాబియన్. చెయ్యి విరిగింది, సబ్‌స్టిట్యూట్ రూల్ లేదు, చేతికి కట్టు కట్టుకుని ఫార్వర్డ్‌గా వచ్చి గోల్ కొట్టాడు. ఆస్ట్రియాలో మొదటి ప్రొఫెషనల్ లీగ్ టైటిల్ అలా హకోవాకి వచ్చింది. ఇంత కథ చేతిలో పెట్టుకుని అబద్ధం రాయడం దేనికి?

పోనీ గుట్‌మాన్ కథకేమైనా కొరతా? 1899లో బుడాపెస్ట్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు డాన్స్ టీచర్లు, తనూ డాన్స్ నేర్పేవాడు. బుడాపెస్ట్ క్లబ్ ఎమ్‌టీకే జట్టుతో హంగరీ లీగ్ గెలిచాక, అక్కడ యూదుల మీద ద్వేషం ముదిరి వియన్నా చేరాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో హంగరీ బృందంలో ఆటగాళ్ల కంటే అధికారులే ఎక్కువ, బస గోల గోల. ఈయన చచ్చిన ఎలుకలు తెచ్చి అధికారుల తలుపులకి వేలాడదీశాడు. జట్టేమో ఈజిప్టు చేతిలో 3-0తో ఓడింది. ఎలుకల ముచ్చట కార్డు మీద వేసి ఉంటే నేను ఫ్రేమ్ కట్టించేవాణ్ణి.

1926లో హకోవా అమెరికా టూర్‌కి వెళ్తే న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో ఒక్క మ్యాచ్‌కే 46,000 మంది వచ్చారు. ఆ ఆదరణ, ఆ డాలర్లు చూసి చాలామంది అక్కడే ఉండిపోయారు, గుట్‌మాన్ సహా. మద్య నిషేధం రోజుల్లో దొంగచాటు బార్‌లో డబ్బు పెట్టాడు. 1929 షేర్ల పతనంలో సంపాదన ఊడ్చుకుపోయింది. మళ్లీ వియన్నా వచ్చి హకోవాకే కోచ్ అయ్యాడు. 1938లో నాజీలు క్లబ్‌నే మూసేశారు. యుద్ధంలో అటక మీద దాక్కుని, తర్వాత నిర్బంధ శ్రమ శిబిరం నుంచి పారిపోయి బతికాడు. కార్డు ఇవన్నీ వదిలేసి, ఆయన కోచ్‌గా 1961, 62ల్లో పోర్చుగల్ క్లబ్ బెన్ఫికా గెలిచిన యూరోపియన్ కప్పుల దగ్గర తేలింది.

మెయిల్ పెడితే పది శాతం కూపన్ పంపారు. కొనేవాళ్లకి నా మాట: పేరు లేని జెర్సీ తీసుకోండి, 8 యూరోలు తక్కువ కూడా.

నాది మా వీధి టైలర్ దగ్గరికి తీసుకెళ్లా. “ఏంది సార్, కొత్త అంగీ, పేరు పీకేస్తరా?” అన్నాడు. “అవునన్నా, గుడ్డ చినగకుండ జర చూస్కొని విప్పు.” ఎనభై రూపాయలు తీసుకున్నాడు. పేరు పోయింది, అంకె పోయింది. ఉతికిన నీలం మధ్యలో ఉతకని ముదురు నీలంతో 5 మాత్రం అలాగే ఉంది.